ముంగిట్లోకి వచ్చిన బడి

కొన్ని మాటలు మన ఇంట్లోకి చెప్పా పెట్టకుండా వచ్చేస్తాయి. ఏ ఊరివో, ఎవరి తాలూకో అడక్కుండానే మనం పీట వేసి కూర్చోబెట్టేస్తాం. నాలుగు రోజులు పోయేసరికి అవి మన మేనత్త కూతుళ్లంత దగ్గరివైపోతాయి. "అంగన్‌వాడీ" అలాంటి మాటే. తెలుగునాట ఏ పల్లెకైనా వెళ్లి అడగండి. పోస్టాఫీసు దారి తెలియని వాళ్లు కూడా అంగన్‌వాడీ ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తారు.

కాస్త సంస్కృతం వంటబట్టినవాళ్లు "అంగన అంటే స్త్రీ గదా, కాబట్టి ఇది ఆడవాళ్ల వాడ అయివుంటుంది" అనుకోవచ్చు. అందులోనూ అక్కడ టీచరూ ఆడమనిషే, ఆయా ఆడమనిషే, పిల్లల్ని దింపి వెళ్లేవాళ్లు కూడా చాలామటుకు ఆడవాళ్లే. కానీ మాట పుట్టుక వేరు. ఇది అంగన కాదు, అంగణం. హిందీలో ఆంగన్, మన తెలుగులో ముంగిలి. ఇక వాడీ అంటే మరాఠీలో తోట అనీ, చిన్న పల్లె అనీ రెండర్థాలున్నాయి. పిల్లల తోట బాల్‌వాడీ అయితే, ముంగిట్లో వేసిన తోట అంగన్‌వాడీ.

మరి పిల్లల తోటని ముంగిట్లో వెయ్యవలసిన అవసరం ఎందుకొచ్చింది? అదే నేనీవేళ చెప్పబోయే కథ. ఇందులో ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఒక మీసాల అమ్మ కూడా ఉంది. తొందరపడకండి, ఆవిడ దగ్గరికి వస్తున్నాను.

చిన్నపిల్లల చదువు అనగానే మనకు ముందు గుర్తొచ్చే పేరు మాంటిస్సోరీ. ఈ రోజుల్లో ఆ పేరు బోర్డు మీద కనబడితే ఫీజు సంగతి భయపడుతూ అడగాలి. కానీ ఆ మహాతల్లి మొదటి బడి పెట్టింది ధనవంతుల పేటలో కాదు. 1907 జనవరిలో, రోము నగరంలో శాన్ లొరెంజో అనే పేదల పేటలో. తల్లిదండ్రులు కూలికి వెళ్లిపోతే పిల్లలు మేడమెట్ల మీద ఆడుతూ, కొత్తగా బాగుచేసిన గోడలు పాడుచేస్తున్నారట. గోడలు దక్కితే చాలుననుకున్న ఆ ఇళ్లవాళ్లు ఒక గది ఇచ్చి, ఈ పిల్లల సంగతి ఎవరైనా చూడండి బాబూ అన్నారు. గోడల కోసం ఇచ్చిన ఆ గదిలోంచి లోకమంతా మెచ్చిన చదువు పుట్టింది.

తరవాత జరగవలసిందే జరిగింది. నున్నగా చిత్రిక పట్టిన కొయ్యదిమ్మలు, గులాబీరంగు గోపురం, కొలత ప్రకారం చేసిన పెట్టెలు, ఇవన్నీ డబ్బున్నవాళ్ల పిల్లలకే అందాయి. 1931లో గాంధీగారు లండన్‌లో మాంటిస్సోరీగారి శిక్షణాలయానికి వెళ్లినప్పుడు, ఇలాంటి చదువు కలిగినవాళ్ల పిల్లలకే కాక నిరుపేదల పిల్లలకు కూడా దొరకాలని తన కోరిక చెప్పుకున్నారు. కోరిక మంచిదే. తీర్చేదెవరు?

ఇక్కడ మన మీసాల అమ్మ ప్రవేశం. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అని ఒక వకీలుగారుండేవారు. కొడుకు పుట్టాక, వీణ్ణి ఎలా పెంచాలా అని పుస్తకాలు తిరగేస్తూ మాంటిస్సోరీ దగ్గర ఆగారు. అంతటితో ఆయన వకీలు కోటుకి కాలం చెల్లింది. 1916లో భావనగర్‌లోని దక్షిణామూర్తి అనే విద్యాసంస్థలో చేరి, 1920లో అక్కడ బాలమందిరం పెట్టారు. బెత్తం లేదు, బెదిరింపు లేదు. కథలు, పాటలు, నాటకాలు, తోటపని. గుబురు మీసాలు పెట్టుకుని, పిల్లల్ని అమ్మకంటే లాలనగా చూసుకునే ఈ పెద్దమనిషికి జనం పెట్టిన పేరే "మీసాల అమ్మ". బిరుదంటే అలా ఉండాలి!

ఆయన పని చూసి తారాబాయి మోడక్ అనే ఆవిడ వచ్చి చేరింది. 1892లో బొంబాయిలో పుట్టి, 1914లో పట్టభద్రురాలైన మనిషి. ఆ రోజుల్లో బి.ఏ. చదివిన ఆడవాళ్లని చూడ్డానికి జనం వచ్చేవారంటే నమ్మొచ్చు. అమరావతిలో వకీలుగారితో పెళ్లయింది. ఆ కాపురం నిలవలేదు. రాజకోటలో ఉపాధ్యాయినుల శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలుగా మంచి ఉద్యోగం దొరికింది. ఒంటరి ఆడమనిషికి అంత గట్టి ఉద్యోగం ఉంటే మనం ఏం చెప్తాం? "పట్టుకు కూచోవమ్మా, వదలకు" అంటాం. ఆవిడ వదిలేసి, భావనగర్ వెళ్లి గిజుభాయి పక్కన పసిపిల్లల మధ్య కూచుంది. 1926లో ఇద్దరూ పూనుకుని నూతన బాల శిక్షణ సంఘం నెలకొల్పారు. 1936లో ఆవిడ బొంబాయి వచ్చి, దాదర్‌లో శిశువిహార్ నడిపింది. 1939లో గిజుభాయి పోయారు.

దాదర్ బడికి పిల్లలకేం కొదవ? ఉద్యోగస్తుల ఇళ్లనుంచి, అంటే మనలాంటి ఇళ్లనుంచి, స్నానం చేయించి తల దువ్వి బొట్టుపెట్టి మరీ పంపేవాళ్లు. అక్కడే ఆగిపోతే ఆవిడ పేరు మంచి బడి పెట్టినవాళ్ల జాబితాలో ఒకటిగా మిగిలేది. కానీ ఊళ్లలో, అడవుల్లో ఉన్న పిల్లల మాటేమిటన్న ప్రశ్న ఆవిణ్ణి వదల్లేదు. యాభయ్యో పడి దాటాక, 1945 చివర్లో, బొంబాయికి ఉత్తరాన సముద్రపు ఒడ్డునున్న బోర్డీ గ్రామంలో గ్రామ బాల శిక్షా కేంద్రం తెరిచింది. సపోటాలకు పేరుపడ్డ ప్రాంతం అది. అప్పట్లో ఠాణా జిల్లా, 2014 నుంచి పాల్ఘర్ జిల్లా.

ఆ కేంద్రంలో చెయ్యి కలిపిన రెండో మనిషి అనుతాయి వాఘ్. ఈవిడ కథ వింటే మన ఇళ్లలో పాతతరం ముసలమ్మలు గుర్తుకొస్తారు. 1910లో పుట్టింది. పదమూడో ఏట పెళ్లి, ఆరునెలలు తిరక్కుండా వైధవ్యం. ఆ రోజుల్లో అలాంటి పిల్లకు వంటిల్లే లోకం. కానీ పుట్టింటివాళ్లు చదివించారు, టీచరైంది. పగలు పాఠాలు చెప్తూ, రాత్రి బడిలో చదువుకుని 1937లో మెట్రిక్ పాసైంది. 1945లో బోరివిలీలో కస్తూర్బా ట్రస్టువారు గ్రామసేవికలకు నడిపిన శిబిరంలో తారాబాయితో పరిచయమైంది. ఆవిడ వెంట బోర్డీ వెళ్లింది. 1992లో పోయేవరకు, నలభైయేడేళ్లు, ఆ ప్రాంతం విడిచి రాలేదు. మధ్యలో యాభై దాటాక డిగ్రీ కూడా పూర్తిచేసింది. "ఇప్పుడు నాకెందుకమ్మా ఈ చదువు" అనేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

సరే, బోర్డీలో బడి తెరిచారు. తెరిచినంత మాత్రాన అందరూ వస్తారా? ఊళ్లో కాస్త కలిగినవాళ్ల పిల్లలకు బడి దూరం కాదు. రానివాళ్లు ఎవరంటే, అంటరానితనం పేరుతో ఊరికి ఎడంగా పెట్టిన వాడల పిల్లలు, గూడేల్లో ఉండే ఆదివాసీల పిల్లలు. పసివాడు అంతదూరం నడవలేడు. తీసుకొచ్చి దింపే తీరిక తల్లికి లేదు. వచ్చినా పక్కన కూచోనిస్తారన్న నమ్మకం లేదు.

మనమైతే ఇక్కడ ఏమంటాం? "మేం బడి పెట్టాం, వాళ్లు పంపకపోతే మేమేం చేస్తాం" అంటాం. ఎన్ని సంఘసేవలు ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాయో! తారాబాయి ఆ వాక్యాన్ని తిరగేసింది. పిల్లలు బడికి రాలేకపోతే బడే పిల్లల దగ్గరికి వెళ్లాలి. టీచరు చాపా, నాలుగు ఆటవస్తువులూ పట్టుకుని వాళ్ల ఇళ్లమధ్య ముంగిట్లోకే వెళ్లింది. పిల్లలకూ తనకూ వీలైన వేళ చూసుకుని, అక్కడే ఆటా పాటా మొదలెట్టింది. ఒకచోట కట్టుబాటుగా, వేళ ప్రకారం నడిచేది కేంద్ర బాల్‌వాడీ. ఇలా వాడలోకి నడిచి వెళ్లేది ఆంగన్ బాల్‌వాడీ. మన అంగన్‌వాడీకి జన్మస్థానం అదీ.

ఇందులో నాకు నచ్చింది ఒక చిన్న సంగతి. ముంగిట్లో బడి పెడితే తల్లి ఇంట్లోంచి తొంగి చూస్తుంది. పక్కింటి అవ్వ గడపలో కూచుని వింటుంది. టీచరు పిల్లకు గోళ్లు తీసి, తల దువ్వి, మొహం కడిగితే, పదిమంది చూస్తారు. తాకితే మైలపడతామన్న చోట ఒకావిడ పిల్లల్ని ఒళ్లో కూచోబెట్టుకుందంటే, అంతకు మించిన ఉపన్యాసం ఏముంది? అక్కడ పిల్లలకొక్కరికే పాఠం అనుకోడం పొరపాటు. వాడంతటికీ పాఠమే, ఊరికి కూడా పాఠమే.

ఇక పరికరాల సంగతి. ఇటలీ కొయ్యదిమ్మలు కొనే స్తోమత ఏ గూడేనికుంటుంది? గులకరాళ్లు, గవ్వలు, ఆకులు, గింజలు, వీటితోనే లెక్కలు, రంగులు, చిన్నా పెద్దా తేడాలు నేర్పారు. చింతపిక్కలతోనూ గవ్వలతోనూ వామనగుంటలాడి లెక్కలు నేర్చుకున్న మన అమ్మమ్మలకు ఇదేం వింతగా తోచదు. ఖరీదైన వస్తువు లేకపోతే మంచి చదువు లేదన్న భ్రమను గులకరాళ్లతో కొట్టి చెదరగొట్టారన్నమాట.

1956-57 ప్రాంతంలో ఈ పని బోర్డీనుంచి కోస్బాడ్ కొండమీదికి మారింది. అక్కడ ఉండేది వార్లీలు. ఆ పేరు మీకు కొత్త కాదు. మన చీరల అంచుల మీదా, దిండు గలీబుల మీదా గీతల్లాంటి మనుషులు చేతులు పట్టుకుని గుండ్రంగా నాట్యం చేస్తుంటారే, ఆ బొమ్మలు వాళ్లవే. ఎర్రమన్ను అలికిన గోడమీద పెళ్లివేళ ఆడవాళ్లు బియ్యప్పిండి నీళ్లతో వేసే బొమ్మలు. మనం వాకిట్లో పెట్టే ముగ్గు వాళ్లు గోడకెక్కించారు, అంతే. బొమ్మలు ఎంత అందంగా ఉన్నా, బతుకు అలా ఉండేది కాదు. భూములు షావుకార్ల పాలయ్యాయి. పెళ్లిఖర్చుకి అప్పుచేస్తే ఆ కొత్త దంపతులిద్దరూ షావుకారు పొలంలో వెట్టిచెయ్యాలి. బోర్డీలో పిల్లల బడి తెరిచిన 1945లోనే, గోదావరీ పరులేకర్ వంటివారి నాయకత్వాన వార్లీలు ఈ వెట్టిమీద తిరగబడ్డారు.

అలాంటి చోట పిల్లవాణ్ణి బడికి పంపమంటే తండ్రి అడిగే మాట ఒకటే: "మరి పశువుల్ని ఎవరు తోలుకెళ్తారు?" దానికి వీళ్ల జవాబు కూడా ఒకటే. పశువులు మేసేచోటికే బడి వెళ్లింది. దాన్ని కురణ్‌శాల అన్నారు. కురణ్ అంటే మరాఠీలో పచ్చికబీడు. గేదె గడ్డి మేస్తుంది, కుర్రాడు అక్షరం మేస్తాడు.

మొగపిల్లవాడి సంగతి తేలింది. మరి ఆడపిల్ల? ఈ కథకి ఆయువుపట్టు ఇక్కడుంది. ఎనిమిదేళ్ల పిల్ల బడికి రాదు. ఎందుకు రాదంటే, చంకలో చంటివాడున్నాడు. అమ్మ కూలికి వెళ్లింది, తమ్ముణ్ణి కింద దింపే వీల్లేదు. చదువంటే ఇష్టం లేక కాదు, పేదరికం ఒక్కటే కారణమూ కాదు. ఆ పిల్ల చంక ఖాళీగా లేదు. అంతే!

తారాబాయి, అనుతాయి దీనికి చేసిన ఉపాయం చూడండి. తమ్ముణ్ణి కూడా తీసుకురమ్మన్నారు. చంటివాళ్లను చూసుకునే శిశుశాల, మూడు నుంచి ఆరేళ్లవాళ్లకు బాల్‌వాడీ, ఆపైవాళ్లకు ప్రాథమిక పాఠశాల, ఈ మూడూ ఒకేచోట పెట్టి వికాసవాడీ అన్నారు. అక్క వచ్చి, తమ్ముణ్ణి ఉయ్యాల్లో దింపి, చెల్లెల్ని ఆటల గదిలో వదిలి, తను పలకా బలపం పట్టుకుని కూచుంటుంది. పెద్ద పెద్ద విద్యాప్రణాళికల్లో కనిపించని సూక్ష్మం ఇది. ఇంట్లో పసివాణ్ణి ఎత్తుకుని పనిచేసుకున్న ఆడవాళ్లకే తట్టే ఉపాయం అని నా అనుమానం. తారాబాయికి 1962లో పద్మభూషణ్, అనుతాయికి ఆ తరవాత పద్మశ్రీ ఇచ్చారు. ఇవ్వకపోయినా వాళ్లు పని మానేవాళ్లు కాదు లెండి.

మన తెలుగావిడ చెయ్యి కూడా ఈ కథలో ఉంది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయమ్మగారు. ఎనిమిదేళ్లకే పెళ్లిచేస్తే, ఊహ తెలిశాక ఆ పెళ్లి తనకొద్దని చెప్పి చదువుకుని, లాయరై, రాజ్యాంగసభలో కూచున్న మనిషి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆవిడే తొలి అధ్యక్షురాలు. పల్లెల్లో బాల్‌వాడీలకూ, మహిళామండళ్లకూ ఆ మండలి ద్వారా సాయం అందింది. చిన్నపిల్లల చదువు ఎవరి దయా కాదు, ప్రభుత్వం పట్టించుకోవలసిన విషయమన్న మాట అలా ఢిల్లీకి చేరింది. ఆ తరవాత పసిపిల్లల వికాసం మీద మీనా స్వామినాథన్‌గారి అధ్యక్షతన ఏర్పడిన బృందం 1972లో నివేదిక ఇచ్చింది.

1975 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, సమగ్ర శిశు అభివృద్ధి పథకం దేశంలో 33 చోట్ల మొదలైంది. దాని కేంద్రాలకు పెట్టిన పేరు అంగన్‌వాడీ. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైతే ఆస్పత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్యబోధ, పిల్లలకు బడిముందు చదువు, ఇలా ఆరు పనులు దాని నెత్తిన పెట్టారు. ఆనాటి 33 చోట్ల విత్తనమే ఈవేళ దేశంలో సుమారు 14 లక్షల కేంద్రాలైంది. అదికూడా ఊరికే కాలేదు. దళితుల, గిరిజనుల వాడలన్నిటికీ కేంద్రాలు వెంటనే రావాలని 2004లోనూ, ఆరేళ్లలోపు పిల్లలు నలభైమంది ఉండి కేంద్రం లేని వాడ అడిగితే మూడునెలల్లో పెట్టి తీరాలని 2006లోనూ సుప్రీంకోర్టు ఆదేశించవలసివచ్చింది. వైకల్యం ఉన్న పిల్లల్ని పసితనంలోనే గుర్తించి, మిగతావాళ్లతో పాటు కూచోబెట్టుకోడానికి ప్రత్యేకమైన మార్గదర్శకాలు 2023 నవంబరులో వచ్చాయి. ఇల్లిల్లూ తిరిగే అంగన్‌వాడీ టీచరుకే ఏ ఇంట్లో ఏ పిల్లకి చెవులు వినబడవో ముందుగా తెలిసే వీలుంది మరి.

బాగానే ఉంది. కానీ ఒక సంగతి గమనించారా? ప్రభుత్వం తారాబాయి ఉపాయంలో మొదటి సగమే తీసుకుంది. బడి వాడలోకి వెళ్లింది, మంచిదే. చంకలో చంటివాడి సంగతి మటుకు అలాగే ఉండిపోయింది. మూడేళ్లలోపు పిల్లకు అంగన్‌వాడీ బరువు చూస్తుంది, పిండి పొట్లం ఇస్తుంది, టీకాకి పిలుస్తుంది. పగలంతా ఉంచుకోడం మటుకు చాలాచోట్ల దాని పని కాదు. మూడు దాటినవాళ్లయినా కూలికెళ్లిన తల్లి తిరిగి రాకముందే ఇంటికి వచ్చేస్తారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పధ్నాలుగేళ్లవాళ్ల చదువుని హక్కు చేసింది గాని, అంతకు ముందు వయసు పిల్లలకు ప్రభుత్వాలు ఏర్పాటు "చెయ్యవచ్చు" అని ఊరుకుంది. అంగన్‌వాడీలోనే శిశుశాల కలిపే "పాల్నా" పథకం 2022లో వచ్చింది. పాల్నా అంటే ఉయ్యాలే. 14 లక్షల కేంద్రాల ముందు దాని లక్ష్యం కొన్ని వేలు. కోస్బాడ్ కొండమీద ఊగిన ఉయ్యాల ఢిల్లీ చేరడానికి ఇంతకాలం పట్టింది.

ఇక ఆ టీచరమ్మల సంగతి. ఆవిడకిచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. వేతనం కంటే గౌరవం ఎక్కువన్నమాట! అది ప్రభుత్వోద్యోగం కాదని 2006లో సుప్రీంకోర్టు తీర్పు. గ్రాట్యుటీకి మటుకు హక్కుందని 2022లో అదే కోర్టు తీర్పు. 2023 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ సిబ్బంది సమ్మెకి దిగి 42 రోజులు రోడ్డుమీద కూచున్నారు. అప్పుడు వాళ్లమీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించారు. ఉద్యోగస్తులు కారు గాని, వాళ్లు లేకపోతే ఒక్క పూట గడవదట! ఇంటి ఇల్లాలి పని గురించి కూడా లోకం ఇలాగే అంటుంది గదా. ఈ లెక్క మనకు కొత్తకాదు.

ఇదంతా విని, మన పిల్లలు ఎల్.కె.జి.కి బస్సులో వెళ్తారు గదా, ఈ ముంగిటి బడితో మనకేం పని అనిపించవచ్చు. పని ఉంది. రేపొద్దున ఏడింటికి మీ వీధిలో ఎన్ని గుమ్మాల్లోకి పనమ్మాయిలు వస్తారో లెక్కపెట్టండి. ఒక్కొక్కరి వెనకా ఒక చంటిపిల్ల ఉంటుంది. ఆ పిల్లని ఎవరో ఒకరు చూసుకుంటూ ఉంటేనే ఆవిడ వచ్చి మన అంట్లు తోమగలదు. ఆ చూసుకునేది అవ్వో, అంగన్‌వాడీనో అయితే సరే. ఎనిమిదేళ్ల అక్క అయితే మటుకు మన వంటిల్లు తళతళలాడ్డానికి ఎక్కడో ఒక పలక ఖాళీగా ఉన్నట్టే. "మీ పాపని ఎవరు చూస్తున్నారమ్మా?" అని అడగడానికి మనకు ఖర్చేం లేదు. జవాబు విన్నాక, మన పేటలో అంగన్‌వాడీ ఎక్కడుందో కనుక్కుని, ఆ పిల్లని చేర్చుకోమని చెప్పడానికీ పెద్ద శ్రమేం లేదు. పేటలో కేంద్రమే లేకపోతే, కావాలని పదిమంది సంతకాలు చేసి అర్జీ ఇవ్వవచ్చు. మన మహిళామండళ్లు పచ్చళ్ల పోటీలతో పాటు ఇదికూడా పెట్టుకుంటే కాదనేవాళ్లెవరు?

మాట పుట్టుక అంగణమే, సందేహం లేదు. అయినా పసివాళ్ల తోటని ముంగిట్లోకి మోసుకెళ్లినవాళ్లూ, దాన్ని ఈవేళ గౌరవ వేతనం మీద పెంచుతున్నవాళ్లూ, దాని వల్ల ఒక పూట ఊపిరి తీసుకుంటున్నవాళ్లూ ఆడవాళ్లే. అందుచేత అంగన అంటే స్త్రీ అనుకుని అర్థం చెప్పుకునేవాళ్లని నేను దిద్దడం మానేశాను. వ్యాకరణం ఒప్పుకోకపోయినా, చరిత్ర ఒప్పుకుంటుంది.